లాప్‌టాప్‌కి ఉన్న లెక్క మనిషికేదీ?

పేపరు జిల్లా పేజీలో తరచూ ఒక ఫోటో కనిపిస్తుంది. ప్రభుత్వ పాఠశాల, వెనక ఫ్లెక్సీ, బల్లల మీద కంప్యూటర్లు, పక్కన కోట్లు వేసుకున్న నలుగురు పెద్దలు. ఫలానా కంపెనీ సామాజిక బాధ్యతగా బడికి పది కంప్యూటర్లు ఇచ్చిందని కింద రాస్తారు. మంచి పనే, కాదనను. కానీ చూసినప్పుడల్లా నాకు రెండు సందేహాలు. ఆర్నెల్ల తర్వాత ఆ పదింటిలో ఎన్ని పనిచేస్తాయి? వాటి ముందు నిన్నటిదాకా కూర్చుని పనిచేసినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు?

రెండో సందేహానికి కారణం ఉంది. మా అపార్ట్‌మెంట్లో ఒకమ్మాయికి ఆమధ్య ఉద్యోగం పోయింది. పావుగంట వీడియో కాల్‌లో చెప్పేశారట, తనంతట తనే రాజీనామా చేసినట్టు రాసిమ్మన్నారట. మూడోరోజుకల్లా కొరియర్ అబ్బాయి వచ్చాడు. లాప్‌టాప్, ఛార్జరు, మౌసు, బ్యాగు లెక్కపెట్టి, ఎక్కడైనా గీత పడిందేమో చూసి మరీ సంతకం పెట్టించుకున్నాడు. ఆ పిల్లకి రావలసిన డబ్బు మాత్రం మూడు నెలలకి గానీ చేతికందలేదు. "లాప్‌టాప్‌కి ఇంకా నంబరుంది ఆంటీ, నా నంబరే తీసేశారు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది. ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చుపెట్టాలి. సొంత ఉద్యోగులకే మేలు చేసే ఖర్చు ఇందులో చెల్లదు. అది సబబే, పనిచేసినవాళ్ళకిచ్చేది దానం కాదుగా! కానీ చాలాచోట్ల జరిగేది చూస్తే, ఇంట్లో పనమ్మాయి జీతం ఆపి గుళ్ళో అన్నదానానికి చందా రాసినట్టుంటుంది. ముందు ఇంటి బాకీ తీర్చండి బాబూ, తర్వాత ఫ్లెక్సీ కట్టుకోండి.

ఈ ఎలక్ట్రానిక్ సరుకు పుట్టుక, చావు రెండూ చాలావరకు ఆడవాళ్ళ చేతుల మీదే జరుగుతున్నాయి. ఫోన్లు బిగించే ఫ్యాక్టరీల్లో పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలే ఎక్కువ. 2021 డిసెంబరులో తమిళనాడు శ్రీపెరంబుదూరు దగ్గర ఐఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ అమ్మాయిలు హాస్టల్ తిండి తిని జబ్బుపడ్డారు. 150 మందికి పైగా ఆసుపత్రిలో చేరారు. మిగిలినవాళ్ళు చెన్నై-బెంగళూరు రోడ్డు మీద బైఠాయిస్తే గానీ వాళ్ళ గదులెలా ఉన్నాయో, భోజనం ఎలా ఉందో బయటివాళ్ళకి తెలియలేదు. ఆ తర్వాతే ఆపిల్ వాళ్ళు ఆ ఫ్యాక్టరీని పరిశీలనలో పెట్టారు. రోడ్డెక్కకపోతే?

ఇక చావు సంగతి. ఢిల్లీ సీలంపూర్‌లో పాత కంప్యూటర్లు విప్పి, వైర్లు కాల్చి రాగి తీస్తారు, బోర్డులు ఆసిడ్‌లో ముంచి బంగారం తీస్తారు. ఆ సీసం, ఆ పొగ ఎవరి ఒంట్లోకి పోతాయో వేరే చెప్పాలా? ప్రపంచవ్యాప్తంగా 1.29 కోట్ల మంది ఆడవాళ్ళు ఇలాంటి అసంఘటిత చెత్త పనుల్లో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన 2022 ఈ-వేస్ట్ నిబంధనలు తయారీదారుల మీద బాధ్యత పెట్టాయి. ఆ కూలీల నమోదు, ఆరోగ్యం మాత్రం రాష్ట్ర ప్రభుత్వాలు చూసుకోవాలన్నాయి. వస్తువు కంపెనీది, మనిషి సర్కారుది!

అసలు ఇంత త్వరగా పారేయడం దేనికి? మా అమ్మ పాత జరీ చీరలేసి స్టీలు గిన్నెలు తీసుకునేది. చిరిగిన చీర బొంత అయ్యేది, బొంత చీకితే మసిగుడ్డ అయ్యేది. లాప్‌టాప్ వల్ల వాతావరణానికి జరిగే నష్టంలో ఎక్కువ భాగం దాన్ని తయారుచేసేటప్పుడే జరిగిపోతుంది. అలాంటిదాన్ని చాలా ఆఫీసులు మూడు నాలుగేళ్ళకే మార్చేస్తాయి. సమాచారం బయటికి పోతుందని డిస్కుల్ని పొడి చేయించేవాళ్ళూ ఉన్నారు. పూర్తిగా తుడిచి ఇచ్చే పద్ధతులు ఉండగా ఇదేం ఖర్మ! 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది కదా, ఆ వంకతో ఎన్ని బంగారంలాంటి కంప్యూటర్లు మూలపడ్డాయో. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి చూడండి, అలాంటివాటికి కొత్త మెమరీ, కొత్త బ్యాటరీ వేసి డిగ్రీ పిల్లలకి అందే ధరలో అమ్ముతారు. ఆ రిపేరు కుర్రాళ్ళు చేసే పాటి సేవ ఫ్లెక్సీ కట్టినవాళ్ళు చేయట్లేదని నా అభిప్రాయం.

కంపెనీలని పెద్దగా ఏమీ అడగక్కర్లేదు. ఉద్యోగం తీసేసినవాళ్ళ దగ్గర లాప్‌టాప్ లాక్కునే బదులు, డేటా తుడిచి, పాత సామాను ధరకి వాళ్ళకే ఇవ్వొచ్చు. రేపు ఇంటర్వ్యూలకి అదే ఆధారం. లెక్క తీర్చాకే కొరియర్‌ని పంపొచ్చు. బడికిచ్చేటప్పుడు రెండేళ్ళ రిపేరు ఖర్చు కూడా ఇవ్వొచ్చు. పారేస్తే ఎవరికిచ్చారో కాగితం చూపించొచ్చు.

మనం చేయగలిగింది, అన్నాలు తినేటప్పుడు ఇంట్లో ఉద్యోగం చేసేవాళ్ళని అడగడం: మీ ఆఫీసు పాత కంప్యూటర్లు ఎక్కడికి పోతున్నాయి? తీసేసినవాళ్ళకి డబ్బు ఎన్నాళ్ళకి ఇస్తున్నారు? నేను మావారిని అడిగాను. "అవన్నీ అడ్మిన్ వాళ్ళు చూసుకుంటారు" అన్నారు. అయితే ఆ అడ్మిన్ వాళ్ళనే అడిగి చెప్పండి అన్నాను. మూడు వారాలైంది, వారానికోసారి గుర్తుచేస్తున్నాను.