పూలవానకు బిట్లు కరువా?

ఈ వారం తిరుమల పుష్పయాగాన్ని ఫోన్‌లో చూసినవాళ్లు ఏం చూశారో నాకు తెలుసు. కాసేపు ఉత్సవమూర్తులు, ఆపైన గళ్లు. అర్చకులు గంపలకొద్దీ పూలు కుమ్మరించే వేళకు చామంతి, గులాబీ, మరువం, తులసి అన్నీ కలిసి ఒకే ముద్ద. మర్నాడు అలిపిరి గరుడ కూడలిలో టీ తాగుతూ జనం చెప్పిన తీర్పులు రెండు. "నెట్టు సరిగా లేదు" అని ఒకాయన. "ఏందబ్బా, ఛానలోళ్ల దగ్గర మంచి కెమెరాలే లేవా?" అని ఇంకొకాయన.

రెండూ తప్పే. కెమెరా ప్రతి రేకునూ చూసింది. రేకుల్ని మింగింది ప్రసారానికి బొమ్మను కుదించే ఎన్‌కోడర్.

లెక్క చూడండి. తెర మీద 1920 అడ్డంగా, 1080 నిలువుగా చుక్కలు. చుక్కకు 24 బిట్లు, సెకనుకు 25 ఫ్రేములు. గుణిస్తే సెకనుకు 124 కోట్ల బిట్లు. అదే ఫుల్ హెచ్‌డీ బొమ్మకు నెట్‌ఫ్లిక్స్ మనింట్లో ఉండాలనే వేగం 5 మెగాబిట్లు, అంటే 50 లక్షలు. దాదాపు 250 వంతుల్లో ఒక్క వంతు!

మిగతాది ఎలా మాయమవుతుంది? హాజరు పట్టీలో రాని పిల్లల పేర్లే రాసుకునే పంతులి పద్ధతి. కిందటి ఫ్రేముకూ ఈ ఫ్రేముకూ మారినదే పంపుతారు. కదలని మండపానికి ఖర్చు దాదాపు లేదు. కానీ రాలే పువ్వు కిందటి ఫ్రేములో ఉన్నచోట ఉండదు, ఉన్నట్టూ ఉండదు. వేల పూలు ఒక్కసారి రాలితే ఉన్న బిట్లు చాలవు. అప్పుడు సన్నని వివరాలే ముందు పోతాయి. విదేశాల్లో కప్పు గెలిచిన జట్టు మీద రంగు కాగితాలు చల్లినప్పుడూ ఇదే గోల. ఎన్‌కోడర్‌కు గండాలు మూడు: రాలే పూలు, కదిలే జనం, మెరిసే నీళ్లు. పుష్పయాగం, గరుడసేవ, తెప్పోత్సవం. మన పండగలన్నీ ఆ గండాల్లోనే ఉన్నాయి. వార్తలు చదివే మనిషికి సరిపోయే బిట్లనే గరుడసేవకూ కొలిచి పోస్తే వచ్చేది ముద్దే.

ఇక్కడ నా పాత పాట ఒకటి పాడనివ్వండి. ఈ కుదింపు విద్యకు పునాది 1974 జనవరిలో ఐఈఈఈ పత్రికలో వచ్చిన నాలుగు పుటల వ్యాసం. అందులోని లెక్కను డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అంటారు. బొమ్మను చిన్న గళ్లుగా కోసి, కంటికి ఆనని సన్న వివరాన్ని విడదీసి వదిలేయడానికి దారి చూపింది అదే. రాసినవాళ్లు ముగ్గురు: బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు నటరాజన్, కామిశెట్టి రామమోహన రావు. ఆ ఇంటిపేరు మనకు పరాయిది కాదు. మద్రాసులో పుట్టి, గిండీలో ఇంజినీరింగ్ చదివి, 1966 నుంచి టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన మనిషి. 1972లో అహ్మద్ ఈ పనికి డబ్బడిగితే అమెరికా సైన్స్ ఫౌండేషన్ ఇవ్వలేదు. ఈరోజు ఆ లెక్కో, దాని వారసత్వమో లేకుండా ఫోన్‌లో ఫొటో తెరుచుకోదు, వీడియో కదలదు. రావు 2021 జనవరిలో పోయారు. సినిమా నటుడి పుట్టినరోజుకు పుటలు పరిచే మన పత్రికలు ఆయనకెంత చోటిచ్చాయి? మా జిల్లా ఇంజినీరింగ్ పిల్లల్ని అడగండి. సూత్రం ఒప్పజెప్తారు, పేరు చెప్పరు.

ఆ పునాది మీద లేచిన కుదింపు పద్ధతి హెచ్.264 వచ్చింది 2003లో. పదేళ్లకు వచ్చిన హెచ్.265 దాదాపు సగం బిట్లతో అదే బొమ్మ చూపిస్తానంది. కానీ పేటెంట్ల రుసుము వసూలుకు ఒకరికి ముగ్గురు తయారయ్యారు. 2018లో గూగుల్, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ వగైరాలు కలిసి రుసుము లేని ఏవీ1 తెచ్చాయి. బాగుంది. అయితే పాత ఫోన్లలో దాన్ని విప్పే చిప్పు లేదు. విప్పబోతే ఫోను వేడెక్కుతుంది, బ్యాటరీ కరుగుతుంది. కాబట్టి పాత ఫోనుకు ఇప్పటికీ 2003 నాటి కూడే. పూలు ముద్దగా కనిపించేది మోకాళ్లు అరిగి మెట్లెక్కలేని అవ్వకే, మనవడు వాడి పడేసిన ఫోనుతో చూసే ఆమెకే. ఎక్కగలిగినవాడు ఎటూ కళ్లతో చూస్తాడు.

2008లో తిరుమల దేవస్థానం భక్తి ఛానల్ ఎస్వీబీసీ మొదలైనప్పటి నుంచి కొండ మీది ఉత్సవం ప్రపంచమంతా చూస్తోంది. అది చిన్న పని కాదు. అందుకే అడుగుతున్నా: ఉత్సవాలు ప్రసారం చేసే ఎవరైనా సరే, ఏడాదిలో ఆ పది పదిహేను పూటలకు బిట్లు రెట్టింపు చేయండి. మిగతా రోజుల్లో పొదుపు చేసుకోండి, ఎవరూ అడగరు.

ఇంతకన్నా ఒళ్లు మండే సంగతి ఇంకొకటుంది. ప్రసారం ముద్దయితే పోనీ, అసలు ప్రతి ఉండాలి కదా? ఆ మధ్య ఒక సభవాళ్లను పాత హరికథ రికార్డింగు అడిగితే లింకు పంపారు. ఒరిజినల్ ఏదంటే, హార్డ్ డిస్కు నిండిందని చెరిపేశారట! ఒకసారి కుదించినదాన్ని దించి, మళ్లీ కుదించి, వాట్సాప్‌లో మూడోసారి నలిపి పంచుకుంటున్నాం. అన్నమయ్య ఇంటివాళ్లు, తాళ్లపాకవాళ్లు, 500 ఏళ్ల కింద కీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించారు. అన్నమయ్య రాసినవి 32 వేలంటారు, అందులో సగమైనా మనదాకా రాలేదు. వచ్చినవి రాగి మీద ఉన్నందుకు వచ్చాయి. రాగి ధరతో పోలిస్తే హార్డ్ డిస్కు ఎంత?

కాబట్టి ఉత్సవ కమిటీలకు ఒక మాట. వీడియో తీసినవాణ్ణి అసలు ఫైలు అడగండి. అది చేతికొచ్చాకే మిగతా డబ్బివ్వండి. లింకు పంపి సరిపెట్టేవాడికి వచ్చే ఏడు కబురే పెట్టకండి.

— కొండకింది మనిషి