పాడిందే పాట కారాదు

వాదం వల్లనే తత్త్వం బోధపడుతుందని పెద్దలన్నారు. కాని బోధపడిన తత్త్వాన్ని వ్రాసి ఉంచకపోతే ఆ వాదం ప్రతి యేడూ మొదటికే వస్తుంది. పాచిపళ్ళ దాసరి సామెత ఇట్టి సభలకే చెల్లుతుంది.

తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే బజారులో వినవచ్చే తాండూరులో, విద్యార్థుల చర్చాగోష్ఠికి బోధనామాధ్యమం కన్న ప్రియమైన విషయం లేదు. ఆంగ్లం లేనిదే ఉద్యోగం లేదని ఒకరు, మాతృభాష లేనిదే జ్ఞానం లేదని మరొకరు వాదిస్తారు. శాస్త్రానికి పారిభాషిక పదాలెక్కడివని వేరొకరు లేస్తారు. కాలం ముగుస్తుంది, ప్రశ్న మిగులుతుంది.

ఈ ప్రశ్న మన ప్రాంతానికి క్రొత్త కాదు. 1917లో ఉర్దూ పాఠ్యగ్రంథాల కొరకు హైదరాబాదులో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడినప్పుడు, పదాలన్నీ అరబ్బీ నుండే తేవాలని కొందరు, ఉర్దూలో కలిసిపోయిన అన్ని భాషల నుండీ కూర్చుకోవాలని కొందరు వాదించారు. మౌల్వీ వహీదుద్దీన్ సలీం రెండవ పక్షం వహించి, తన వాదాన్ని 'వజ్-ఎ-ఇస్తిలాహాత్' అనే గ్రంథంగా 1921లో వెలువరించారు. దానితో వివాదం సమసిపోలేదు. అయినా అటుపైన మాట్లాడదలచినవారు మొదటి నుండి ఆరంభించక, ఆ గ్రంథానికి సమాధానం చెప్పుకొనే వీలు కలిగింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ప్రచురించిన పారిభాషిక పదకోశాలు తెలుగు విద్యార్థికి అట్టి మేలే చేశాయి.

లోక్‌సభ నియమావళి కూడా ఇందుకు దారి చూపుతున్నది. తన వాదననో, ఇతరుల వాదననో విసుగు పుట్టేలా వల్లించే సభ్యుని తీరును అధ్యక్షుడు ముందు సభ దృష్టికి తెచ్చి, పిదప ప్రసంగం ఆపమనవచ్చునని 356వ నియమం. ఒక సమావేశ కాలంలో నిర్ణయమైన ప్రశ్నను అదే సమావేశ కాలంలో తిరిగి ప్రతిపాదించరాదని 338వ నియమం. శిక్షకు ముందు హెచ్చరిక ఉన్నది. తరువాతి సమావేశాలకు తలుపు తెరిచే ఉన్నది.

అయితే కళాశాల శాసనసభ కాదు. చివరి సంవత్సరం వారికి పాతబడిన ప్రశ్న మొదటి సంవత్సరం విద్యార్థికి నిన్న పుట్టినది. "అది ఏనాడో తేలిపోయింది, కూర్చో" అంటే అతడు కూర్చుంటాడు, మరల లేవడు. ఇంట మొదటిసారి కళాశాల గడప త్రొక్కిన బిడ్డ నోరు మూయించడం కన్న, విన్నదే నూరుసార్లు వినడం మేలు.

కనుక మేము పాలకసంఘాన్ని కోరేది ఒక్కటే. గ్రంథాలయంలో తెలుగులోను, ఉర్దూలోను ఒక చర్చా పుస్తకం ఉంచాలి. ప్రతి గోష్ఠి తరువాత ఉభయపక్షాల ముఖ్యవాదాలను, తేలిన దానిని, తేలని దానిని అందులో వ్రాయాలి. ఒక అధ్యాపకుని శ్రమ తప్ప దీనికి వేరే వ్యయం లేదు. వ్రాసినదే వేదమవుతుందన్న భయం ఉన్నవారి కొరకు ప్రతి ప్రశ్న చివర కొన్ని పుటలు ఖాళీగా విడవాలి. మాట్లాడదలచిన విద్యార్థిని వారించక, ఆ పుస్తకం చేతికిచ్చి, "ఇందులో లేని మాట చెప్పు బాబూ, చెప్పమ్మా" అని అడగాలి. ఆ ఖాళీ పుటలను నింపవలసిన బాధ్యత విద్యార్థి సోదర సోదరీమణులది.