డ్యూరాండ్ రేఖ దగ్గర ఆగిన సోదరభావం

2021 సెప్టెంబరు మొదటి వారంలో కాబూల్‌లోని ఒక హోటల్లో టీ కప్పు పట్టుకుని చిరునవ్వుతో నిలబడ్డ ఐఎస్ఐ అధిపతి ఫైజ్ హమీద్ ఫొటోను ప్రపంచమంతా చూసింది. తాలిబన్లు రాజధానిని పట్టి అప్పటికి మూడు వారాలు నిండలేదు. అంతా సర్దుకుంటుందని ఆయన భరోసా ఇచ్చారు. అఫ్గాన్లు బానిస సంకెళ్లు తెంచుకున్నారని ప్రధాని ఇమ్రాన్ ఖాన్ అంతకు ముందే మెచ్చుకున్నారు. నాలుగేళ్లు తిరిగాయి. 2025 అక్టోబరులో అదే కాబూల్ పేలుళ్లతో దద్దరిల్లింది. దాడి చేసింది పాకిస్తానేనన్నారు తాలిబన్లు. ప్రతీకారంగా సరిహద్దు చౌకీల మీద విరుచుకుపడ్డారు. ఖతార్, తుర్కియే మధ్యలోకి దిగి దోహాలో కాల్పుల విరమణ కుదర్చాల్సి వచ్చింది.

రావల్పిండి లెక్క తప్పిందెక్కడ? మతం ఒకటే, చదివిన మదర్సాల సంప్రదాయం ఒకటే, కష్టకాలంలో ఆశ్రయమిచ్చింది తామే. కాబట్టి తాలిబన్లు చెప్పుచేతల్లో ఉంటారని అనుకున్నారు. కానీ 1893లో బ్రిటిష్‌వారు గీసిన 2,600 కిలోమీటర్ల డ్యూరాండ్ రేఖ పష్తూన్లను రెండుగా చీల్చింది. 1947లో ఐక్యరాజ్యసమితిలో పాకిస్తాన్ సభ్యత్వానికి వ్యతిరేకంగా ఓటేసిన ఏకైక దేశం అఫ్గానిస్తాన్. ఆ తర్వాత కాబూల్‌లో రాజు పోయాడు, కమ్యూనిస్టులు వచ్చారు, ముజాహిదీన్లు వచ్చారు. ఎవరూ ఆ గీతను అంగీకరించలేదు. కేవలం మూడు దేశాల గుర్తింపుతో, అన్నింటికీ ఇస్లామాబాద్ మీద ఆధారపడి బతికిన తొలి తాలిబన్ ప్రభుత్వమూ ఒప్పుకోలేదు. గద్దె మీద సిద్ధాంతం మారుతూ వచ్చింది, గడ్డ మీద మమకారం మారలేదు.

ఇంకో చిక్కు ఉంది. సిద్ధాంత బంధుత్వం అసలు పని చేయలేదని కాదు, పాకిస్తాన్‌కు ఎదురు తిరిగి పని చేసింది. 2007లో పుట్టిన తెహ్రీక్-ఎ-తాలిబన్ పాకిస్తాన్ (టీటీపీ) అఫ్గాన్ తాలిబన్ నాయకుడికే విధేయత ప్రకటించింది. 2014 డిసెంబరు 16న పెషావర్ సైనిక పాఠశాలలో 130 మందికి పైగా పిల్లలను కాల్చి చంపింది ఈ ముఠాయే. అమెరికా మీద పక్కపక్కన నిలబడి పోరాడినవారిని పట్టి అప్పగించమంటే కాబూల్ ఎలా అప్పగిస్తుంది? తాము కాబూల్ ప్రభుత్వం మీద చేసిన యుద్ధం పవిత్రమైతే, ఇస్లామాబాద్ మీద టీటీపీ చేసేది పాపమని ఏ ముఖంతో చెబుతుంది? శరణు కోరినవాడిని వదులుకోవడం పష్తూన్ల దృష్టిలో పరువు తక్కువ కూడా.

ఈ తప్పు పాకిస్తాన్ సైన్యానికి కొత్తేమీ కాదు. 1965 ఆగస్టులో ఆపరేషన్ జిబ్రాల్టర్ పేరిట కశ్మీర్‌లోకి మనుషులను పంపి, మతం పేరు చెబితే లోయ లేచి నిలబడుతుందని ఆశపడింది. చొరబాటుదారుల సంగతి మన బలగాలకు చేరవేసింది స్థానికులే. తూర్పు బెంగాల్‌లో 1952 ఫిబ్రవరి 21న భాష కోసం వీధికెక్కిన విద్యార్థులను కాల్చారు; పందొమ్మిదేళ్ల తర్వాత దేశం సగం పోయింది. అదే 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు ప్రాణాలు విడిస్తే నెహ్రూ నాలుగు రోజుల్లో దిగివచ్చారు. ఆ తేడా ఎంతటిదో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. భాష ఒకటైనంత మాత్రాన ఆత్మగౌరవ ప్రశ్న తీరిపోదని తెలంగాణ కూడా మనకు చూపించింది.

అయినా జనరల్ ఆసిమ్ మునీర్ 2025 ఏప్రిల్‌లో ద్విజాతి సిద్ధాంతాన్నే మళ్లీ తవ్వి తీశారు, హిందువులకూ తమకూ ఏ విషయంలోనూ పొంతన లేదన్నారు. ఆరు రోజులకు పహల్గామ్‌లో 26 మంది హతమయ్యారు. వారిలో ఒకరు గుర్రం నడిపే స్థానిక ముస్లిం. మర్నాడు కశ్మీర్ లోయ దుకాణాలు మూసి నిరసన తెలిపింది. ఇన్నిసార్లు బోల్తాపడిన వాదాన్ని సైన్యం ఎందుకు వదలదంటే, అది లేకపోతే దేశం మీద తన పెత్తనానికి సాకు ఉండదు. జనరళ్లదీ మానవ స్వభావమే మరి.

అలాగని సిద్ధాంతం ఉత్త పైపూత అనుకుంటే మనమూ పొరబడతాం. ఆరో తరగతి దాటిన ఆడపిల్లల చదువును తాలిబన్లు ఆపింది సిద్ధాంతంతోనే. అది సరిహద్దు దగ్గర బేరాలాడుతుంది. తిరగబడలేని వారి మీద మాత్రం ఉక్కుపాదం మోపుతుంది. అక్టోబరులో ఢిల్లీ వచ్చిన విదేశాంగ మంత్రి ముత్తకీ తొలి విలేకరుల సమావేశంలోకి మహిళా జర్నలిస్టులను రానివ్వలేదు. దుమారం రేగాక రెండో సమావేశానికి పిలిచారు. అంటే ఒత్తిడి ఉన్నచోట వంగుతారు.

కాబూల్‌లోని సాంకేతిక కార్యాలయాన్ని భారత్ మళ్లీ రాయబార కార్యాలయం చేయడం సరైన పనే. అక్కడ మనకంటూ కళ్లూ చెవులూ ఉండాలి. కానీ శత్రువుకు శత్రువు మిత్రుడన్న సంబరం ఢిల్లీలో కొందరిలో అప్పుడే కనిపిస్తోంది. అఫ్గాన్ గడ్డను ఏ దేశానికీ వ్యతిరేకంగా వాడనివ్వబోమని ముత్తకీ ఇక్కడ హామీ ఇచ్చారు. ఇస్లామాబాద్‌కు నాలుగేళ్లుగా చెబుతూ వచ్చిందీ ఆ మాటే.