కంచె తీరు



సూర్యుని గర్భంలో జరిగే కేంద్రక సంలీనాన్ని భూమిపై సాధించి విద్యుత్తు పొందాలని శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా శ్రమిస్తున్నారు. అందుకు హైడ్రోజన్‌ను సుమారు 10 కోట్ల డిగ్రీలకు వేడిచేయాలి. ఆ వేడిలో వాయువు ప్లాస్మాగా మారుతుంది. దానిని ఏ పాత్రలోనూ పోసి ఉంచలేము గనుక అయస్కాంత క్షేత్రాన్నే కంచెగా కడతారు.

అటువంటి కంచెలలో ఒకటి స్టెల్లరేటర్. అమెరికాకు చెందిన లైమన్ స్పిట్జర్ 1951లో ఈ ఆలోచన చేశారు. నేడు వీటిలో ప్రసిద్ధమైనది జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ పట్టణంలో ఉన్న వెండెల్‌స్టైన్ 7-ఎక్స్. 2015 డిసెంబరు 10న అందులో తొలి ప్లాస్మా వెలిగింది. మెలితిరిగిన 50 తీగచుట్టలు, చదునైన మరో 20 చుట్టలు కలిసి కంకణాకారపు క్షేత్రాన్ని అల్లుతాయి.

ఇంత మెలిక ఎందుకు? నీటిపై తేలే నూనె కదలక ఉంటుంది. నూనెపై నీటిని నిలపబోతే చిన్న కదలికకే అంతా తలక్రిందులవుతుంది. ప్లాస్మా స్థితీ ఇటువంటిదే. క్షేత్రరేఖలు వెలుపలికి ఉబ్బి వంగిన చోట చిన్న అల పెరిగి సుడిగా మారి, లోపలి వేడిని బయటకు మోసుకుపోతుంది. వంపు అనుకూలంగా ఉన్న చోట అదే అల అణగిపోతుంది.

మరొక సంగతి ఉంది. కొన్ని ఎలక్ట్రానులు బలమైన క్షేత్రాన్ని దాటలేక, బలహీనంగా ఉన్న చోట్ల చిక్కుకొని అటూ ఇటూ తిరుగాడుతుంటాయి. ఆ చోటు చెడు వంపులో ఉంటే అవే అలజడిని పోషిస్తాయి. కనుక ఈ యంత్రంలో మలుపుల వద్ద క్షేత్రాన్ని బలంగాను, దాదాపు తిన్నగా సాగే భాగాలలో బలహీనంగాను అమర్చారు. చిక్కుకున్నవి చాలావరకు చెడు వంపుకు దూరంగా ఉండిపోతాయి.

అయినా చిక్కు తీరలేదు. లోపలికీ అంచుకూ మధ్యనున్న వేడి తేడా వల్ల అయాన్లలో మరో రకం సుడులు పుట్టాయి. మామూలుగా వాయువును అందించినప్పుడు అయాన్ల వేడి సుమారు 1.7 కోట్ల డిగ్రీల వద్దే ఆగిపోయింది. గడ్డకట్టిన హైడ్రోజన్ గుళికలను లోపలికి విసిరినప్పుడు ప్లాస్మా నడుమ సాంద్రత పెరిగి ఆ సుడులు తగ్గాయి. అయాన్ల వేడి సుమారు 4 కోట్ల డిగ్రీలకు చేరింది. అలాంటి సాంద్రత తేడా, చిక్కిన ఎలక్ట్రానులు చెడు వంపులో ఉండే యంత్రాలలో, మరో అలజడిని లేపగలదు. ఇక్కడ అమరిక ముందే సరిగా ఉన్నందున ఆ బెడద చాలావరకు తప్పింది.

ఇదంతా దివ్య ఖుర్‌ఆన్‌లో ముందే ఉన్నదని చాటడం మా ఉద్దేశం కాదు. ప్లాస్మా ప్లాస్మాయే, బిడ్డ బిడ్డే. అయితే కట్టుబాట్లను బిగించడమే తర్బియత్ అని భావించే తల్లిదండ్రులు మన మధ్య తక్కువేమీ లేరు. హద్దు దాటలేని పిల్లవాడు కూడా ఎక్కడో ఒకచోట కాలం గడుపుతాడు. ఆ చోటు ఎటువంటిది, అక్కడ అతని సహవాసం ఎవరితో అన్నది మనం ఎంతమాత్రం ఆలోచిస్తున్నాం? ఆ అమరిక ముందే కుదిరిన ఇంట తరువాత చేసే దిద్దుబాటు కొత్త అలజడిని రేపదు. ఒక్క దిద్దుబాటుతో అన్నీ చక్కబడవన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మన ఇళ్లను మన సంతానం నిలిచే మంచి చోట్లుగా చేయమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.