హెచ్చరిక అందింది, సెలవు అందలేదు

2022 డిసెంబరు 23, శుక్రవారం. అమెరికాలో ఈరీ సరస్సు తూర్పు కొసన ఉన్న బఫెలో నగరం క్రిస్మస్ హడావుడిలో ఉంది. ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఎవరూ బండి తీసి రోడ్డెక్కకూడదని ఈరీ కౌంటీ యంత్రాంగం నిషేధం పెట్టింది. ఆ మాట బయటికి వచ్చేసరికి గంట వ్యవధి కూడా లేదు. అప్పటికే పొద్దుటి షిఫ్టువాళ్ళు పనుల్లోకి చేరిపోయారు, పండక్కి సరుకులు తెచ్చుకునేవాళ్ళు దారిలో ఉన్నారు. కాసేపటికే గాలి లేచింది. మంచుపొడి ఎంత దట్టంగా కమ్మిందంటే కారులో కూర్చున్నవాడికి తన బండి ముందుభాగం కనిపించలేదు. ఆ తుఫాను 47 మందిని పొట్టన పెట్టుకుంది.

వాతావరణ నిపుణులు చెప్పలేదా అంటే, చెప్పారు. రోజుల ముందే చెప్పారు. నేషనల్ వెదర్ సర్వీస్ బఫెలో కార్యాలయం ఇది తరానికోసారి వచ్చే తుఫాను అని తేల్చి చెప్పింది. గాలి ఎంత ఉంటుందో, ఎప్పుడు ముంచుకొస్తుందో చెప్పింది. అంచనా తప్పలేదు. విమానాశ్రయం దగ్గర 37 గంటలపాటు బ్లిజార్డ్ ఆగకుండా వీచింది, నాలుగడుగులకు పైగా మంచు పడింది, గాలి విసురు గంటకు 110 కిలోమీటర్లు దాటింది. ఇంత సరిగ్గా ముందే తెలిసిన ఆపదలో ఇంతమంది ఎందుకు పోయారన్నదే నన్ను వదలని ప్రశ్న. ఆ ప్రశ్న బఫెలోది మాత్రమే అనుకోను.

మంచు తుఫాను అనగానే మనకు మంచే కళ్ళముందు కదులుతుంది. అక్కడ అసలు ప్రాణాలు తీసేది గాలి. అమెరికా లెక్కలో బ్లిజార్డ్ అంటే గంటకు 56 కిలోమీటర్లు మించిన గాలి, 400 మీటర్ల అవతల ఏమీ కనిపించనంతగా ఎగిసే మంచు, ఈ రెండూ కలిసి కనీసం మూడు గంటలు. కొత్తగా మంచు పడాలన్న షరతే అందులో లేదు. 1977 జనవరి 28న ఇదే బఫెలోలో జరిగింది చూడండి. ఆరోజు ఆకాశం నుంచి రాలిన మంచు ఆ ఊరి లెక్కన తక్కువే. అప్పటికే గడ్డకట్టిన సరస్సు మీద వారాల తరబడి పేరుకున్న మంచును గాలి ఎత్తుకొచ్చి ఊరిమీద కుమ్మరించింది. 29 మంది చనిపోయారు. 2022లో సరస్సు గడ్డకట్టలేదు. దాదాపు 390 కిలోమీటర్ల పొడవున్న ఆ సరస్సు మీదుగా నైరుతి నుంచి వీచిన గాలి, వెచ్చని నీళ్ళ తేమను తాగి, చివరనున్న ఊరిమీద మంచుగా కక్కింది. మన బంగాళాఖాతంలో గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే దాన్ని తుఫాను అని పేరు పెట్టి పిలుస్తాం. దాదాపు అంత గాలి సున్నాకి పదిహేను డిగ్రీల కింద వీస్తే ఒంటికి తగిలే చలి మైనస్ ముప్ఫై. ఒళ్ళు తనచుట్టూ కప్పుకున్న వెచ్చని పొరను గాలి ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది. బయట చిక్కినవాడి చెవులూ వేళ్ళూ నిమిషాల్లో మొద్దుబారతాయి.

పోయినవాళ్ళు ఎక్కడ దొరికారో చూస్తే సంగతి అర్థమవుతుంది. కొందరు మంచులో కూరుకుపోయిన కార్లలో, కొందరు నడిచే దారిలో, కొందరు కరెంటు పోయి చల్లబడిన ఇళ్ళలో. పారతో మంచు ఎత్తుతూ గుండె ఆగినవాళ్ళున్నారు. అంబులెన్సు రాలేక పోయినవాళ్ళున్నారు. అంబులెన్సులూ ఫైరింజన్లే కాదు, మంచు తోసే బండ్లూ ఇరుక్కుపోయాయి. బఫెలో జనాభాలో నల్లజాతివాళ్ళు మూడోవంతు. నగరంలో చనిపోయినవాళ్ళలో సగానికి పైగా వాళ్ళే. వాళ్ళెక్కువగా ఉండే తూర్పు వైపున పేటలకు పేటలే సూపర్ మార్కెట్ లేనివి. అదే ఏడాది మే 14న జాతి విద్వేషంతో ఒకడు కాల్పులు జరిపి పదిమందిని చంపిన టాప్స్ దుకాణమే ఆ చుట్టుపక్కల జనానికి ఉన్న ఒక్క పెద్ద సరుకుల అంగడి. వారానికి సరిపడా సరుకు తెచ్చి నింపుకోండి అని టీవీ చెబుతుంది. జీతం శుక్రవారం వచ్చేవాళ్ళు, కారు లేనివాళ్ళు, ఫ్రిజ్‌లో రెండు రోజుల తిండే ఉన్నవాళ్ళు ఆ మాటని ఏం చేసుకోవాలి?

ఆ నిషేధం వేళ చిన్న విషయంగా నాకు కనిపించకపోవడానికి కారణం ఇదే. సర్కారు ఉత్తర్వు లేనంతవరకు పనికి రాకపోవడం పనివాడి తప్పు. ఉత్తర్వు పడిన క్షణం నుంచి రమ్మనడం యజమాని తప్పు. తప్పు ఒకరి నెత్తిమీద నుంచి ఇంకొకరి నెత్తికి మారేది ఆ కాగితంతోనే. గురువారం రాత్రే అది వచ్చి ఉంటే, గంటల లెక్కన కూలి తీసుకునే మనిషి ఫోన్ చేసి 'ఇవాళ రాలేను సార్' అని బతిమాలుకోవాల్సిన పని ఉండేది కాదు. తుఫాను తర్వాత నగరపాలక సంస్థ కోరగా న్యూయార్క్ విశ్వవిద్యాలయం బృందం జరిగినదంతా విచారించి 2023లో నివేదిక ఇచ్చింది. దాన్ని చదవాల్సినవాళ్ళు మన దగ్గరా ఉన్నారు.

బఫెలో విశ్వవిద్యాలయంలో మన పిల్లలు చాలామందే చదువుతున్నారు. మొదటి చలికాలంలో వాళ్ళకు మంచు అందంగా కనిపిస్తుంది, ఫొటోలు ఇంటికి వస్తాయి. ఆ తుఫాను రోజుల్లోనే, డిసెంబరు 26న, ఎక్కడో అరిజోనా కొండల్లో గడ్డకట్టిన సరస్సు మీద నడుస్తుంటే మంచు పగిలి ముగ్గురు తెలుగువాళ్ళు చనిపోయారు. ఇద్దరు భార్యాభర్తలు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి పెద్దలు చెప్పే జాగ్రత్తలు మనవాళ్ళకి ఎవరు చెబుతారు? కారు మంచులో చిక్కితే దిగి నడవకూడదని, పొగగొట్టం చుట్టూ మంచు తీసేశాకే ఇంజన్ వెయ్యాలని, అదీ గంటకు పది నిమిషాలేనని, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే తీసుకుపోతుందని. ప్రయాణానికి ముందు పచ్చళ్ళు కట్టిచ్చే ఇంట్లో ఈ నాలుగు మాటలూ చెప్పి పంపాలి. తెలుగు సంఘాలు సంక్రాంతి సంబరాలకు పెట్టే శ్రద్ధలో కొంత దీనికి పెడితే ఎంత మేలో.

బఫెలోని అతలాకుతలం చేసిన 1977వ సంవత్సరమే మనల్నీ ముంచింది. నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి వేలమందిని తీసుకుపోయింది. ఆ గాయం తర్వాత మనం నేర్చుకున్నది రేడియోలో హెచ్చరిక వినిపించడం ఒక్కటే కాదు. తీరం వెంబడి తుఫాను రక్షణ భవనాలు కట్టాం. వేటకు వెళ్ళొద్దని పడవలు ఆపడం, బస్సులు పెట్టి జనాన్ని తరలించడం, చేర్చినచోట అన్నం వండి పెట్టడం అలవాటు చేసుకున్నాం. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడు ఒడిశాలో, మన ఉత్తరాంధ్రలో కలిపి సుమారు పది లక్షల మందిని ముందే తరలించారు. అంత పెద్ద తుఫానుకు పోయిన ప్రాణాలు పదుల్లోనే. ఇందులో గర్వపడాల్సింది ఉంది, నేను గర్వపడతాను.

అదే బుద్ధి చలి దగ్గరికి వచ్చేసరికి మనకు లేకుండా పోతోంది. మైదానాల్లో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగి, మామూలుకన్నా నాలుగున్నర డిగ్రీలు తగ్గితే వాతావరణ శాఖ దాన్ని చలిగాలులుగా ప్రకటిస్తుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్‌లకు డిసెంబరు, జనవరుల్లో ఇది కొత్త కాదు. పసుపు, నారింజ రంగులతో జిల్లాల పటాలు వస్తాయి, పత్రికలు వేస్తాయి. మరి ఆ రంగు మారినందుకు నేల మీద ఏం మారుతోంది? తెల్లవారుజామున చీపురు పట్టే పారిశుద్ధ్య కార్మికురాలి హాజరు వేళ మారదు. ఇటుక బట్టీలో టార్పాలిన్ కింద పసిబిడ్డతో పడుకున్న వలస కూలీకి దుప్పటి రాదు. ఏజెన్సీ హాస్టల్లో పిల్లకి వేన్నీళ్ళు దొరుకుతాయని నమ్మకం లేదు. లంబసింగికి మనం చలి చూడటానికి కార్లు వేసుకుని వెళతాం, అక్కడివాళ్ళు ఏడాదేడాదీ ఆ చలిలోనే బతుకుతారు. తలుపులన్నీ మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పొద్దున లేవని కుటుంబాల వార్తలు దేశంలో ఏ చలికాలమూ తప్పడం లేదు. బఫెలోలో కారు పొగ చేసే పని ఇక్కడ బొగ్గు చేస్తోంది.

నారింజ హెచ్చరిక వెలువడితే ఆ రాత్రికే అమలయ్యే పనుల పట్టిక ప్రతి కలెక్టరు బల్లమీద ఉండాలి. బడుల వేళలు మార్చడం అందులో సులువైన పని, దాన్ని ఇప్పటికే చేస్తున్నారు. పారిశుద్ధ్య పని రెండు గంటలు ఆలస్యంగా మొదలైనా కూలి కోత పడదని రాతపూర్వకంగా చెప్పడం కష్టమైన పని, దాన్ని చెయ్యాలి. ఎవరు ఎక్కడ బయట పడుకుంటున్నారో వార్డు సచివాలయానికో మున్సిపాలిటీకో చలికాలం రాకముందే తెలిసి ఉండాలి.

బఫెలో పక్కనున్న చీక్టోవాగాలో ఆ శుక్రవారం రాత్రి ఒక మామూలు మనిషి కారు కదలక, తలుపు తట్టిన ఇళ్ళలో చోటు దొరక్క గడిపాడు. మర్నాడు దగ్గర్లోని బడి కిటికీ అద్దం పగలగొట్టి లోపలికి దూరాడు. చుట్టూ కార్లలో చిక్కినవాళ్ళను తీసుకొచ్చాడు. ఇరవైమందికి పైగా ఆ బడిలో వెచ్చగా తలదాచుకున్నారు. వెళ్ళేటప్పుడు అద్దం పగలగొట్టినందుకు క్షమించమని చీటీ రాసిపెట్టాడు. తర్వాత పోలీసులు కృతజ్ఞతలు చెప్పడానికి అతన్ని వెతికారు. ఆ బడి తుఫాను ముందురోజూ అక్కడే ఉంది, లోపల వెచ్చదనం ఉంది, తలుపుకి మాత్రం తాళం ఉంది. మన ఊళ్ళలోనూ రాత్రిళ్ళు ఖాళీగా ఉండే బడులున్నాయి, కమ్యూనిటీ హాళ్ళున్నాయి. వచ్చే చలికాలంలో పెద్దాసుపత్రి గోడ వారన పడుకునే రోగి బంధువుల కోసం వాటిలో దేని తాళం ఎవరు తీస్తారో నవంబరులోపే తేల్చి ఊరందరికీ తెలిసేలా గోడమీద రాయించాలి.