సావిత్రిని ఎవరు ఆడాలి?

సావిత్రి మీద ఒక నటి గంటన్నర సేపు ఒంటరిగా నాటకం ఆడాలంటే ఏం చూపించాలి? బందరులో, గుడివాడలో నాటకాలతో పరిచయమున్న కొందరిని అడిగి చూశాను. అందరిదీ ఒకటే జవాబు: తాగుడు, మోసపోవడం, కోమా. చివర్లో హాలంతా ఏడవాలట. 2018లో వచ్చిన ‘మహానటి’ కూడా కోమాతోనే మొదలవుతుంది కదా!

ఈ మాట ఈ నేల మీద వినడం నాకు మరీ విడ్డూరం. దివిసీమ దాకా ఆడవేషాలంటే చెవి కోసుకున్న ప్రాంతమిది. గుడివాడ దగ్గర రామాపురం అక్కినేని స్టేజీ మీద స్త్రీపాత్రలతోనే పేరు తెచ్చుకున్నారు. నిమ్మకూరు రామారావు కాలేజీలో మీసం తీయనని పట్టుబట్టి ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్నారు. దాన్ని ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటాం. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ వేషంతో దేశమంతా పేరుపొంది, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన విద్య గొప్పదే, కాదనను. కానీ ఆ భాగవత మేళాల్లో ఆ ఇళ్ళ ఆడపిల్లలకి తరతరాలుగా చోటెందుకు లేదు? మగవాడు ఆడవేషం కడితే సాధన గురించి మాట్లాడతాం. ఆడది వేషం కడితే ఎవర్ని ప్రేమించింది, ఎంత పోగొట్టుకుంది అని ఆరా తీస్తాం.

కృష్ణకి అవతలి ఒడ్డున చిర్రావూరులో పుట్టి, బెజవాడ స్టేజీ మీద ఆడి వెళ్ళిన సావిత్రి 1957లో ‘మాయాబజార్’లో ఏం చేసిందో మళ్ళీ చూడండి. ఆమె ఆడింది శశిరేఖని మాత్రమేనా? శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి, అంటే ఆడవేషం కట్టిన ఎస్వీ రంగారావుని కూడా. మగవాడి భుజం ఎక్కడ బిగుస్తుందో, అడుగెక్కడ బరువుగా పడుతుందో, మైమరచి గర్జించబోయి ఎలా సర్దుకుంటాడో, అన్నీ పట్టేసింది. పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు నలిపేసేటప్పుడు ఆ ముఖం చూడాలి! మన ఆడవేషాల మీద ఇంత తెలివైన వ్యాఖ్యానం నేనెక్కడా చదవలేదు, డాక్టరేటు కోసం అన్ని పుస్తకాలు తిరగేసినా.

1968లో పి. లీల సంగీతంతో ‘చిన్నారి పాపలు’కి దర్శకత్వం వహిస్తే, దాన్నీ ఆస్తులు కరిగిన జాబితాలో వేశాం. అదే పని మగవాడు చేస్తే సాహసం అనేవాళ్ళం.

మరాఠీలో సుషమా దేశ్‌పాండే సావిత్రీబాయి ఫూలేగా ఒంటరిగా నిలబడి ఆమె చేసిన పని గురించి ఆమె నోటితోనే చెప్పించింది. మన సావిత్రికి ఆ మర్యాద ఎందుకు దక్కకూడదు?

అలాంటి నాటకం బందరులో వేసినా, అవనిగడ్డలో వేసినా, తెర లేవగానే నటి ఘటోత్కచుడి నడక నడవాలి. జనం పడీపడీ నవ్వాలి. కోమా సంగతి కరపత్రంలో ఒక్క వాక్యంగా వేసుకోండి.