నీరే కాదు.. ఉప్పూ లెక్కే
కొలువుల కోసం చెమటోడుస్తున్న యువతకు కొరవడుతున్న అవగాహన

పోలీసు ఉద్యోగాల ప్రకటన వెలువడనుందన్న కబురు చాలు, జిల్లా కేంద్రాల్లోని కళాశాల మైదానాలు తెల్లవారకముందే కిక్కిరిసిపోతాయి. 2022 నాటి కానిస్టేబుల్‌ నియామకాల్లో పురుష అభ్యర్థులు 1600 మీటర్ల పరుగును ఆంధ్రప్రదేశ్‌లో 8 నిమిషాల్లో, తెలంగాణలో 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాల్సి వచ్చింది. పరీక్ష కొద్ది నిమిషాలదే. దాని కోసం సాగే సాధన మాత్రం నెలల తరబడి, రోజుకు గంటల కొద్దీ ఉంటుంది. ఎన్ని చుట్లు పరుగెత్తారన్న లెక్క ప్రతి అభ్యర్థి వద్దా ఉంది. ఒంటి నుంచి ఎంత నీరు, ఎంత ఉప్పు పోయిందన్న లెక్క మాత్రం ఎవరి వద్దా లేదు.

ఈ నిర్లక్ష్యాన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్‌ కానిస్టేబుళ్ల నియామకానికి నిర్వహించిన 10 కిలోమీటర్ల పరుగు సందర్భంగా పది మందికి పైగా అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయారు. ఒక్కొక్కరి మృతికి కారణం వేరు కావచ్చు. అయినా ఎండ, శ్రమ, సన్నద్ధతలపై ఆ ఉదంతం దేశవ్యాప్తంగా చర్చను రేపింది.

చెమటలో పోయేదేమిటి?

కఠిన వ్యాయామం చేసే వ్యక్తి గంటకు అర లీటరు నుంచి రెండు లీటర్ల వరకు చెమటోడుస్తాడు. లీటరు చెమటతో సుమారు 1 నుంచి 4 గ్రాముల ఉప్పు బయటికి పోతుంది. దుస్తులపై తెల్లని చారలు కట్టేవారిలో ఈ నష్టం ఎక్కువ. శరీర బరువులో 2 శాతానికి మించి నీరు తగ్గితే గుండె వేగం హెచ్చి, పరుగు మందగిస్తుంది. ఎండకు అలవాటుపడేందుకు దేహానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ తర్వాత చెమటలో ఉప్పు శాతం తగ్గుతుంది. వేసవి నడిమధ్యలో ఒక్కసారిగా సాధన మొదలుపెట్టేవారికి ముప్పు ఎక్కువగా ఉండటానికి కారణమిదే.

అతి నీరూ ప్రమాదమే

ఎంత తాగితే అంత మంచిదన్న నమ్మకమూ సరికాదు. రక్తంలో లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్‌ ఉండాల్సిన సోడియం, అతిగా నీరు తాగినప్పుడు పలచబడిపోతుంది. తలనొప్పి, వాంతులు, అయోమయం, చివరకు మెదడు వాపునకు అది దారితీయవచ్చు. 2002 బోస్టన్‌ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం తగ్గినట్లు 2005లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. పరుగు ముగిసేసరికి బరువు తగ్గకపోగా పెరిగినవారే ఎక్కువగా దీని బారిన పడ్డారు. నీటికి బదులు స్పోర్ట్స్‌ డ్రింకులు తాగినా ప్రయోజనం కనిపించలేదు. పోయినంత భర్తీ చేయాలే తప్ప అంతకు మించరాదన్నదే దీని సారాంశం.

తూకమే కొలమానం

సాధనకు ముందు, తర్వాత బరువు చూసుకోవడం తేలికైన మార్గం. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్లు. దాన్ని ఒక్క గుక్కలో కాక, గంటల వ్యవధిలో దాహాన్ని బట్టి తీర్చుకోవాలి. గంట లోపు సాధనకు మామూలు నీరు, ఇంటి భోజనం చాలు. అంతకు మించితే ఉప్పు కలిపిన మజ్జిగ, గంజి, అంబలి ఉపకరిస్తాయి. కొబ్బరి నీళ్లలో పొటాషియం మెండుగా ఉన్నా సోడియం తక్కువే. ఉప్పు బిళ్లలు మింగితే కడుపులో తిప్పి వాంతులయ్యే అవకాశముంది. పచ్చళ్లు, అప్పడాలతో ఉప్పు ముందే దండిగా అందే మన భోజనంలో దాన్ని అదనంగా చేర్చాల్సిన అవసరం చాలామందికి ఉండదు. రోజుకు 5 గ్రాముల లోపే వాడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రక్తపోటు, మూత్రపిండాల సమస్య ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా ఉప్పు పెంచరాదు.

ఓఆర్‌ఎస్‌ కొనేటప్పుడూ జాగ్రత్త అవసరం. ఆ పేరుతో చక్కెర పానీయాలు అమ్ముతున్నారంటూ హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్‌ శివరంజని సంతోష్‌ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఇలాంటి పానీయాలపై ఆ పేరు వాడరాదని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ద్రావణంలో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు ఉండాలి.

వసతులేవీ?

జాగ్రత్తల భారమంతా అభ్యర్థులపైనే మోపడం న్యాయం కాదు. మరుగుదొడ్లు లేని మైదానాల్లో యువతులు దాహాన్ని అణచుకోక తప్పదు. రుసుములు వసూలు చేసే శిక్షణ కేంద్రాలు తాగునీరు, నీడ, తూకం యంత్రం సమకూర్చడం పెద్ద ఖర్చు కాదు. అభ్యర్థి తడబడినా, మాటలు తేలిపోయినా సాధన ఆపించి, నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, 108కు కబురు చేయడం శిక్షకులందరికీ తెలిసి ఉండాలి. కొలువు కోసం పరుగెత్తే బిడ్డ క్షేమంగా ఇల్లు చేరడమే ఏ కుటుంబానికైనా తొలి విజయం.